చెయ్యి పెట్టి చూసిన బండి

మాచర్ల,
4 జులై 2024

మామూకి సైమా సలాం.

మీరూ సయీదా ముమానీ బాగున్నారని తలుస్తాను. మీ మోకాలు ఎలా ఉంది?

బండి ఇల్లు చేరింది. నరసరావుపేట నుంచి నేనే నడుపుకుంటూ వచ్చాను. మీ అల్లుడు రిజ్వాన్ పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర లేని బ్రేకుని దారిపొడవునా తొక్కుతూనే ఉన్నాడు. పిడుగురాళ్ళలో టీకి ఆగాం. "పదమూడేళ్ళ పాత జీపుకి ఇంత మురిపెమేంది సైమా" అన్నాడు. అంటూనే టీ గ్లాసు పట్టుకుని దాని చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చాడు.

మీరు ఆ రోజు మోకాలి నొప్పితో వినుకొండలో బస్సెక్కి నరసరావుపేటలో ఉస్మాన్ షెడ్డుకి రాకపోతే నేనీ పని చేసేదాన్ని కాదు. నా సంగతి మీకు తెలియనిదా! కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ పని మానేసి ఈ మట్టి పరీక్షల గది తెరవడానికే మూడేళ్ళు ఆలోచించాను. మీరు ఇంజను నడుస్తుండగా బానెట్ మీద అరచెయ్యి ఆనించారు. తర్వాత గేరు కడ్డీల మీద. తర్వాత కిందకి వంగి ఎక్కడెక్కడో. లేచి, గుడ్డతో చెయ్యి తుడుచుకుని, "తీసుకో" అన్నారు. వినుకొండలో పాత బండి కొనబోయేవాళ్ళు ముందు మీ చేత చెయ్యి పెట్టించుకోవడం నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. నా కోసం పెట్టడం ఇదే మొదలు. దాంతో నా సందేహాలన్నీ తీరాయని రాయబోయి ఆగాను. రెండు మిగిలాయి.

మొదటిది: వేగం అరవై దాటితే కింద నుంచి, సరిగ్గా మా ఇద్దరి సీట్ల మధ్య నుంచి, సన్నటి కూత వస్తోంది. కుక్కర్ కూసేముందు ఆవిరి తన్నుకొస్తున్నప్పటి చప్పుడులా ఉంటుంది. వేగం తగ్గిస్తే పోతోంది. పాత బండ్లకి ఇది మామూలేనా?

రెండోది: పెద్ద గేరు పక్కనున్న చిన్న కడ్డీ. నాలుగు చక్రాలకీ బలం అందించేది. దాన్ని ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు తియ్యాలి? దుర్గి, బొల్లాపల్లి వైపు నల్లరేగడి పొలాల్లోకి ఈ వానల్లో ఆటో కూడా రావడం లేదు. మిర్చి నాట్ల లోపు రైతులకి మట్టి ఫలితాలు చేతికివ్వాలి. అందుకోసమేగా ఈ జీపు. ఆ కడ్డీ ఎప్పుడూ వేసే ఉంచితే ఇంకా క్షేమమా?

ఫోన్లో అడిగితే మీరు "ఆ, ఆ, సరే సరే" అని పెట్టేస్తారు. అందుకే ఇలా రాస్తున్నాను.

మీ మేనకోడలు,
సైమా


వినుకొండ,
12-7-2024

బేటీ సైమాకి మామూ దువా.

నీ ఉత్తరం సోమవారం ముట్టింది. మా బజార్లో పీర్లు లేపే హడావుడిలో ఉండి జవాబు లేటయింది.

ఫోన్లో మాట గాలికి పోద్ది, కాయితం మీదైతే ఉంటది. ఎడం చెవి కొంచెం మందం, అంతే. నలభై ఏళ్ళు లారీ ఇంజన్ల పక్కన బతికినోడికి ఆ మాత్రం లేకపోతే ఎట్టా? కుడిది శుబ్బరంగా ఉంది.

నువ్వు రాసిన కూత సంగతి. అట్టాంటిదేం లేదు. నేను చెయ్యి పెట్టి చూశా. ఉస్మాన్ కొత్త టైర్లేశాడు, బురదకి పనికొచ్చే గరుకు టైర్లు, తారు మీద అవి అట్టనే అరుస్తయి. నువ్వు చిన్నప్పుడు మీ అమ్మ పాలు ఇస్తే గ్లాసులోకి తొంగి చూసి, విరిగినయ్యేమో అని అడిగేదానివి. ఇప్పుడు నలభై నాలుగొచ్చినయ్. ఇంక చాలించు.

చిన్న గేరు సంగతి మాత్రం రెండుసార్లు చదువుకో. బురదలో, ఇసకలో, గుట్టలెక్కేటప్పుడు ఏసుకో. తారు ఎక్కేముందు ఆగి తీసెయ్యి. బురదలో నాలుగు చక్రాలూ కాస్త కాస్త జారి ఒకదానితో ఒకటి సర్దుకుంటయి. తారు మీద జారే వీలుండదు. ముందువి ఒకలాగా, ఎనకవి ఒకలాగా పీక్కుంటయి. ఆ పీకులాటంతా గేరుబాక్సు ఎనకాల ఉన్న పెట్టె మీద పడుద్ది. నాలుగు చక్రాలకీ బలం పంచేది ఆ పెట్టే. అది పోతే బండి పాత ఇనప సామాన్ల కొట్టుకి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఉస్మాన్ గురించి నీకు దిగులక్కర్లేదు. నా కాడ పదకొండేళ్ళు పని నేర్చుకున్నోడు. నా పేరు చెడగొట్టడు.

ముమానీ దువా చెప్పమంది. రిజ్వాన్‌ని అడిగానని చెప్పు.

మామూ,
అలీ సాహెబ్


మాచర్ల,
19 జులై 2024

మామూకి సైమా సలాం.

మీ ఉత్తరం నిన్న అందింది. మధ్యలో మొహర్రం సెలవు వచ్చింది. నాలుగు రోజులు ముందు వచ్చి ఉంటే బాగుండేది. కంగారు పడకండి, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బండి పోయింది.

సోమవారం దుర్గి అవతల ఐదు పొలాల్లో మట్టి తీసుకున్నాను. శనివారం కురిసిన వానకి డొంక అంతా బెల్లప్పాకంలా ఉంది. చిన్న గేరు వేశాను. జీపు ఎంత బాగా నడిచిందో చెప్పలేను మామూ. ట్రాక్టరు వాడు దిగబడి నిలబడిపోయిన చోట నేను పక్క నుంచి దాటుకుని వచ్చాను. అతను "అక్కయ్యా, మమ్మల్ని కూడా గుంజుకుపో" అని అరిచాడు. ఆ గర్వంలోనే తారు ఎక్కాను. చిన్న గేరు తియ్యలేదు. మర్చిపోలేదు, కావాలనే ఉంచాను. ఎక్కువ పట్టు ఉంటే ఎక్కువ క్షేమం అనుకున్నాను. మలుపుల్లో స్టీరింగు బిగిసిపోతున్నట్టు అనిపించింది. పాత బండి కదా, ఇలాగే ఉంటుందేమోలే అనుకున్నాను. ఇన్ని అనుమానాలు పడేదాన్ని, పడాల్సిన చోట పడలేదు.

ఇరవై కిలోమీటర్లు వచ్చాక, మాచర్ల ఇంకా రెండు మైళ్ళుందనగా, కింద నుంచి పెద్ద చప్పుడు. రోలులో ఇనప ముక్కలు వేసి దంచినట్టు నాలుగైదు దెబ్బలు, ఆ వెంటనే బండి బిగుసుకుపోయి ఆగింది. మాడిన నూనె వాసన. ముందుకీ పోదు, వెనక్కీ పోదు. చివరికి అదే ట్రాక్టరు వాడు వెనక నుంచి వచ్చి, చక్రాల కింద ఏవో తంటాలు పడి, షెడ్డు దాకా లాగిపెట్టాడు. "పొద్దున మమ్మల్ని నువ్వు గుంజుకుపొమ్మన్నాగా అక్కయ్యా, ఇట్టా కాదు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం అన్నం తినలేదు.

ఇక్కడ నవీద్ అని మెకానిక్ ఉన్నాడు, రిజ్వాన్‌కి తెలిసిన మనిషి. మీరు రాసిన ఆ పెట్టెనే విప్పాడు. లోపల రెండు పళ్ళచక్రాలు నుగ్గయిపోయాయి. "అక్కా, ఇందులో ఆయిలేది?" అన్నాడు. అడుగున చెంచాడు ఉంది. అదీ కాఫీ పొడి కలిపినట్టు నల్లగా, గరగరగా. "కొనేటప్పుడు ఎవురు చూశారక్కా ఈ బండిని?" అన్నాడు. మా ఇంట్లోవాళ్ళేనని చెప్పాను. అతను ఇంకొన్ని మాటలన్నాడు. అవి రాయను.

తప్పు నాదే. మీరు వద్దని రాసిన పనే చేశాను, రాసినట్టు తెలియకపోయినా. డెబ్బై మంది రైతుల పేర్లున్నాయి నా పుస్తకంలో. రేపటి నుంచి స్కూటీ మీద వెళ్ళగలిగినంత దూరం వెళ్తాను.

మీ,
సైమా


వినుకొండ,
24-7-2024

సైమాకి,

ఆ మెకానిక్ ఏమన్నాడో రాయి. నా కాడ దాచే సంగతులేంది నీకు?

తారు మీద నడపడం తప్పే. తిట్టాల్సిందే, ఎదురుగా ఉంటే తిట్టేవాణ్ణి. ఐతే లెక్క కుదర్లా. ఆరోగ్యంగా ఉన్న పెట్టె ఇరవై కిలోమీటర్లకి నుగ్గు కాదు. నేను నలభై ఏళ్ళలో విప్పిన పెట్టెల్లో ఒక్కటీ అట్టా పోలేదు. ఆయిల్ లేదంటన్నావు. పన్నెండు రోజుల్లో ఆయిల్ యాడికి పోద్ది? ముందే లేదన్నమాట. లేకపోతే ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలు కారతా ఉండాల.

నువ్వు చేయాల్సిన పని. విరిగిన పళ్ళ ముక్కలన్నీ ఏరి, కడక్కుండా, గుడ్డలో కట్టి ఆర్టీసీ పార్సిల్లో నాకు పంపు. పంపేముందు నువ్వు కూడా చూడు, కెమిస్ట్రీ చదివినదానివి కదా. విరిగిన చోటు నిగనిగలాడతా చక్కెర పలుకుల్లా ఉంటే ఇప్పుడు విరిగినట్టు. మసకబారి నల్లగా ఉంటే పాత పగులు. పగులు పడ్డాక అందులోకి నూనె దిగుద్ది, అందుకని రంగు మారుద్ది. ఇనుము అబద్ధం చెప్పదు.

ఉస్మాన్‌కి ఫోన్ చేశా. నా మేనకోడలికి ఏం బండి అంటగట్టావురా అని అడిగా. కిక్కురుమనలా. నోట మాట రాలా వాడికి. రెండుసార్లు అడిగి పెట్టేశా. తప్పు చేసినోడు ఏం మాట్లాడతాడు?

ఈ సంగతి వినుకొండలో పొక్కితే నేనేం కావాలో ఆలోచించావా? అలీ సాహెబ్ సొంత మేనకోడలికి చెయ్యి పెట్టి ఇప్పించిన బండి పన్నెండు రోజుల్లో కూలబడిందంట అంటారు. ఇప్పుడు నా చేతిలో పానా లేదు. ఈ చెయ్యొక్కటే ఉంది. దీని మీద నమ్మకంతోనే జనం నా గుమ్మంలోకి వస్తన్నారు.

త్వరగా పంపు.

మామూ


మాచర్ల,
31 జులై 2024

మామూకి సైమా సలాం.

పళ్ళ ముక్కలు పదకొండు దొరికాయి. ఈ రోజే బస్టాండులో పార్సిల్ ఇచ్చాను. నా దగ్గరున్న భూతద్దంతో చూశాను. ఏడు ముక్కలు మీరన్నట్టు చక్కెర పలుకుల్లా ఉన్నాయి. నాలుగింటిలో సగం మసక, సగం మెరుపు. మసక భాగానికీ మెరుపు భాగానికీ మధ్య గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. అంటే పాత పగులు ఉండగా నేను దాన్ని పూర్తి చేశానని అర్థమా? అందులో నా వాటా ఎంత అని అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. మీకు నవ్వొస్తుందేమో.

ఆదివారం నరసరావుపేట వెళ్ళి ఉస్మాన్‌ని కలిశాను. ఫోన్లో అతను ఏమీ మాట్లాడలేదని అనుకోకండి. బహుశా లైను సరిగ్గా లేదేమో. చాలా మర్యాదగా మాట్లాడాడు. జీపుని లారీ మీద తన షెడ్డుకి తెప్పించుకుని పెట్టె తనే చేసిస్తానన్నాడు. డబ్బుల మాట ఎత్తొద్దన్నాడు. ఎందుకని నన్ను అడగొద్దు. జరిగిందేదో జరిగింది, బాగయితే చాలు. ఈ గొడవ ఇక్కడితో వదిలేద్దాం మామూ.

నవీద్ అన్నది కూడా అంత ముఖ్యమైన మాట కాదు.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. స్కూటీ మీద మొన్న రెండుసార్లు పడ్డాను, మట్టిలోనే కాబట్టి దెబ్బ లేదు. మట్టి సంచులు మాత్రం కలిసిపోయాయి. ఎవరి పొలం ఏదో తెలియక మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. ఒక రైతు, "నీకు మా మట్టి మీద ప్రేమ ఎక్కువైందమ్మా, ఊరికే వస్తన్నావు" అన్నాడు.

ముమానీకి సలాం.

సైమా


వినుకొండ,
6-8-2024

సైమాకి,

ముక్కలు ముట్టినయ్. కిటికీ కాడ ఎండలో పెట్టి ఒక పూటంతా చూశా. నాలుగు ముక్కల్లో పాత పగులు. అమ్మేనాటికే పెట్టె చచ్చింది. ఉస్మాన్‌కి తెలుసు. తెలిసే నా కళ్ళు కప్పాడు. ఇప్పుడు ఊరికే చేసిస్తానంటన్నాడంటే అంతకంటే సాక్ష్యం ఏం కావాల? తప్పు లేనోడు ఊరికే ఎందుకు చేస్తాడు?

నువ్వు వదిలేయమన్నావు. నేను వదల్లా. మొన్న శుక్రవారం నమాజయ్యాక నలుగురూ ఉండగానే చెప్పా. నా దగ్గర అన్నం తిని, పని నేర్చుకుని, నా మేనకోడల్నే మోసం చేశాడు, వాడి షెడ్డుకి ఎవురూ బండి తీసకపోవద్దని చెప్పా. లారీలోళ్ళు ఇద్దరు అక్కడికక్కడే ఫోన్లు చేసి తమ బళ్ళు ఎనక్కి తెప్పించుకుంటామన్నారు. వాడికది చాలదు.

నీ పళ్ళ ముక్కలు నా కాడ ఉంచుకుంటన్నా. అడిగినోళ్ళకి చూపిస్తన్నా.

మామూ

*

సైమా, ఆయన పోస్టులో వేసి రమ్మని కవరు నా చేతికిచ్చి స్నానానికి పోయారు. చివర ఖాళీ ఉంటే రాస్తున్నా. ఉస్మాన్ భార్య నిన్న వచ్చి మన గుమ్మంలో కూచుని ఏడ్చింది. షెడ్డులో బండ్లు లేవంట. "మా ఆయన ఏం తప్పు చేశాడో ఒక్క మాట చెప్పించండి" అంటది. ఈయన చూస్తా కూచున్నారు. ఆమె మాట ఒక్కటీ ఆయనకి చేరలా. నీకు చెప్పకూడదని ఒట్టు పెట్టారు, ఐనా చెప్తున్నా. కుడి చెవి కూడా పోయి ఏడాదిన్నర అయింది. ఎవరేమన్నా మొహం చూసి తలూపుతారు. నేను దగ్గరుండి సర్దుకొస్తన్నా. నీకేమన్నా తెలిస్తే ఆయనకి రాయి. నువ్వు రాసింది మాత్రం ఆయన చదువుతారు.

సయీదా ముమానీ


మాచర్ల,
11 ఆగస్టు 2024

మామూకి సైమా సలాం.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ఇది నాలుగోది. దీన్ని మళ్ళీ చదవకుండా పోస్టు చేస్తాను, చదివితే పంపలేను.

ఉస్మాన్ మిమ్మల్ని మోసం చెయ్యలేదు.

నేను నరసరావుపేట వెళ్ళిన రోజు అతను నాతో అన్న మాటలు గుర్తున్నంత వరకు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. "అక్కా, బండి చూపించిన రోజే ఉస్తాద్‌కి చెప్పా. పెట్టె కూస్తంది ఉస్తాద్, సీలు కారతంది, ఒక నెల ఆగితే విప్పి చేసిస్తా, ఇప్పుడు మాత్రం ఇయ్యను అన్నా. బండి పక్కన నిలబడి, ఇంజను నడుస్తుండగానే చెప్పా. ఉస్తాద్ నా మొహం చూసి నవ్వి తలూపాడు. నీ వైపు తిరిగి తీసుకో అన్నాడు. ఉస్తాద్ తీసుకోమన్నాక వద్దనడానికి నేనెవణ్ణక్కా? ఆయన చేతికి నాకు తెలీనిదేదో తెలిసిందనుకున్నా." అప్పుడు నేను బండికి అవతలి వైపు ఉన్నాను, ఇంజను చప్పుడులో అతని మాటలు నా దాకా రాలేదు.

మీరు ఫోన్ చేసినప్పుడు కూడా అతను మౌనంగా లేడు. ఇదంతా పది నిమిషాలు చెప్పాడట. మీరు మధ్యలో మళ్ళీ అదే ప్రశ్న అడిగి పెట్టేశారట. అప్పుడతనికి అర్థమైంది. అర్థమయ్యాక ఎవరికీ చెప్పొద్దని నన్ను బతిమాలాడు. "మాట నా మీద ఉంటే ఉండనీ అక్కా, నేను ఇంకో ముప్పై ఏళ్ళు పని చేసి కడుక్కుంటా. ఉస్తాద్‌కి అంత టైం లేదు" అన్నాడు. నేను సరేనన్నాను. మంచి పని చేస్తున్నాననుకున్నాను. అందుకే మీకు "ఎందుకని అడగొద్దు" అని రాశాను. ఆ ఒక్క వాక్యంతో మీ చేతికి రాయి అందించాను. అది ఉస్మాన్‌కి తగిలింది.

నవీద్ అన్నది కూడా రాస్తాను, మీరు అడిగారు కాబట్టి. "ఈ బండిని చెవులున్నోడెవడూ చూళ్ళేదక్కా" అన్నాడు. అతనికి మీరెవరో తెలియదు.

ఇంకొకటుంది. అది రాయడానికే మూడు కాయితాలు చించాను. ఆ కూత బండి కొన్నాక విన్నట్టు మొదటి ఉత్తరంలో రాశాను. అబద్ధం. బేరానికి ముందు ఉస్మాన్ మనల్ని బైపాస్ దాకా తిప్పి తెచ్చాడు, గుర్తుందా? మీరు ముందు కూర్చున్నారు, నేను వెనక. అప్పుడే విన్నాను. ఇదేమిటని అడగబోయి మీ వైపు చూశాను. మీరు నిమ్మళంగా రోడ్డు చూస్తున్నారు. మామూయే ఏమీ అనలేదు కదా అనుకున్నాను. అలా అనుకోవడం నాకు ఎంత హాయిగా అనిపించిందో మీకు చెప్పలేను. జీవితంలో ఒక్కసారి నా అనుమానాన్ని నోరు మూయించాను, అది కూడా నాకు ఆ జీపు కావాలి కాబట్టి. మీకు వినబడలేదు మామూ. నాకు వినబడింది. మన ముగ్గురిలో ఎవరి తప్పు పెద్దదో తూచడానికి నా దగ్గర తక్కెడ లేదు. ఉస్మాన్‌ది మాత్రం అందరికంటే చిన్నదని తెలుసు. శిక్ష అతనొక్కడికే పడింది.

మీ చెవుల సంగతి నాకెలా తెలిసిందని ముమానీ మీద కోప్పడొద్దు. ఫోన్లో మీ "ఆ, ఆ, సరే" విన్న ఏ మేనకోడలికైనా తెలియాలి. నేను తెలుసుకోదలుచుకోలేదు, అంతే.

ఏం చెయ్యమని నేను చెప్పను. చెప్పేంత దాన్ని కాదు.

సైమా


వినుకొండ,
29-8-2024

బేటీ సైమాకి మామూ దువా.

నీ ఉత్తరం పదమూడో తేదీ ముట్టింది. వెంటనే రాయలా. ముమానీ నాకు తెలీకుండా నీకు రాసిందని నాకు తెలుసు, ఆ పొద్దు స్నానం చేసొచ్చేసరికి కవరు మళ్ళీ అంటించిన జిగురు చూశా. కోప్పళ్ళేదు. కోప్పడితే ఆమె తిరిగి ఏమంటదో నాకెట్టాగూ వినబడదు.

నీ ఉత్తరానికి నేనొకటి కలపాల. ఆ రోజు చిన్న గేరు కడ్డీ మీద చెయ్యి పెట్టినప్పుడు సన్నగా వణుకు తగిలింది. చీమ పాకినంత. చెవి ఉన్న రోజుల్లో ఐతే వంగి విని, అది పెట్టెలోదా, టైర్లదా తేల్చుకునేవాణ్ణి. ఉస్మాన్ ఏందో చెప్తన్నాడు. ఏంది, మళ్ళీ చెప్పు అని అడగొచ్చు. నా దగ్గర పని నేర్చుకున్నోణ్ణి, నా మేనకోడలి ముందు, అడగడానికి నామోషీ ఐంది. తలూపా. ఏడాదిన్నర నుంచి అందరికీ అట్టనే ఊపుతన్నా. చానా వాటికి సరిపోద్ది, తెలుసా? జనం మాట్లాడేదాంట్లో సగానికి పైన తలూపితే సరిపోయే మాటలే. ఆ రోజుది మాత్రం ఆ సగంలోది కాదు.

ఇరవయ్యో తేదీ నరసరావుపేట పోయా. ఉస్మాన్ షెడ్డులో నీ జీపొక్కటే ఉంది, కిందంతా విప్పి. ఇద్దరు పనోళ్ళు ఊరికే కూచుని ఉన్నారు. నన్ను చూసి లేచారు. ఉస్మాన్ ఏందో అనబోయాడు. ఆగమని చెయ్యి చూపి, "నాకు వినబడదురా. రెండు చెవులూ లేవు. ఆ రోజూ వినబడలా, మొన్న ఫోన్లోనూ వినబడలా" అన్నా. మెల్లగానే అన్నాననుకున్నా. రోడ్డవతల టైర్ల కొట్టోళ్ళు, జిరాక్సు షాపామె కూడా బయటికొచ్చి చూస్తన్నారు. ఎంత గట్టిగా అరిచానో వాళ్ళ మొహాలు చూశాక తెలిసింది. సరేలే, నలుగురికీ తెలియాల్సిన మాటే కదా అని ఇంకోసారి అన్నా.

ఉస్మాన్ అటూ ఇటూ చూసి, చక్రాల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క తీసుకుని షట్టరు మీద రాశాడు: ఉస్తాద్, ముందు కూర్చోండి.

కూచున్నా. తర్వాత ఇద్దరం కలిసి పెట్టె సంగతి చూశాం. అడగాల్సింది నేను నోటితో అడగడం, వాడు షట్టరు మీద రాయడం. సాయంత్రానికి షట్టరు నిండిపోయింది. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాశాడు. పదకొండేళ్ళలో వాడు నాతో అన్ని మాటలు ఎప్పుడూ ఆడలా, అప్పుడు నేను ఆడనియ్యలా. కొత్త పళ్ళచక్రాలు వాడే గుంటూరు నుంచి తెప్పించాడు. సీలు మార్చాం. బండి తయారైంది, ఎప్పుడైనా వచ్చి తీసకపో. నడిపి చూసేటప్పుడు వెనక సీట్లో కాదు, ముందు కూచో. ఏదైనా వినబడితే అక్కడికక్కడే చెప్పు. తారు మీద ఇరవై కిలోమీటర్లు మాత్రం నీ ఖాతాలోదే, అది నేను పంచుకోను.

వాడి షెడ్డులో చెప్తే చాలదు. ఏ నోటితో, ఏ చోట అన్నానో అక్కడే అనాల. ఇరవై మూడు శుక్రవారం నమాజయ్యాక లేచి నిలబడి, ఉస్మాన్ తప్పు లేదు, వాడు చెప్పాడు, నేను వినలా, నాకు చెవులు లేవు, ఏడాదిన్నర నుంచి దాస్తన్నా అని చెప్పా. ఎవురెవురు ఏమన్నారో తెలవదు. ముమానీ అడిగి తెలుసుకుని ఒక కాయితం మీద రాసిచ్చింది. ఒకాయన, పాపం ముసలాయన అన్నాడంట. ఇంకొకాయన, మరి మొన్న నా లారీకి చెయ్యి పెట్టింది ఏంది అన్నాడంట. ఆయన అడిగింది న్యాయమే. ఆ లారీ మళ్ళీ చూపించుకోమని కబురు చేశా. ఎనక్కి తెప్పించుకున్న రెండు లారీల్లో ఒకటి ఉస్మాన్ దగ్గరికి తిరిగి పోయింది. రెండోది ఇంకా పోలా.

ఇప్పుడు నా సంగతి. శనివారం రొంపిచెర్ల నుంచి ఒకాయన పాత వ్యాను కొంటా చెయ్యి పెట్టించుకోడానికొచ్చాడు. నాకు వినబడదు, వినేవాళ్ళని ఒకర్ని తోడు తెచ్చుకుంటేనే చూస్తా అన్నా. వస్తానని చెయ్యూపి పోయాడు. రాలా. ఇంక రాడు.

ఆదివారం పేతురు అనే ఆయన, ఆయన భార్య కృపమ్మ, అమ్మకానికున్న ఆటో ఒకటి తోలుకొచ్చారు. కూరగాయలు వేసుకుని తిరగడానికంట. వాళ్ళకీ అదే మాట చెప్పా. పేతురు ఎనక్కి తగ్గాడు. ఆ అమ్మాయి తగ్గలా. కొంగు నడుముకి దోపి వచ్చి ఇంజను పక్కన కూచుంది. నేను చెయ్యి పెట్టిన చోటల్లా ఆమె చెవి దగ్గరికి పెట్టింది. మూడో చోట నాకు వణుకు తగిలింది. ఏం అనకుండా ఆమె మొహం చూశా. ఆమె అడ్డంగా తలూపింది. నేనూ అడ్డంగా ఊపా.

ఆటో కొనలా వాళ్ళు. వచ్చే ఆదివారం ఇంకోటి తెస్తామని కృపమ్మ నా అరచేతిలో వేలితో రాసి చూపించి పోయింది.

మామూ,
అలీ సాహెబ్